తలుపు ఇవతలి గుబులు

ఇనుప లాకర్‌లో దాక్కున్నాను. తలుపుకున్న సన్నటి చీలికల్లోంచి గదిలో కొంత భాగమే కనిపిస్తోంది. పైన గొట్టంలో బరువైనదేదో పాకిన చప్పుడు. కాసేపటికి దబ్బున నేల మీదికి దూకిన చప్పుడు. అడుగులు లాకర్ దాకా వచ్చి ఆగాయి. వెనక్కి ఒదిగి ఊపిరి బిగబట్టమని తెర మీద సూచన వచ్చింది. బటన్ నొక్కి పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టాల్సింది తెర మీది పాత్ర, కానీ కుర్చీలో కూర్చున్న నేను కూడా బిగబట్టేశాను. అది వెళ్లిపోయింది, అడుగుల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అయినా ఇంకో రెండు నిమిషాలు నేను ఆ లాకర్ తలుపు తీయలేదు.

ఆ గేమ్ పేరు 'ఏలియన్: ఐసొలేషన్'. బ్రిటన్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ స్టూడియో తయారు చేసింది, 2014లో వచ్చింది. అమాండా రిప్లీ అనే ఇంజనీర్‌గా మనం ఒక శిథిలమవుతున్న అంతరిక్ష కేంద్రంలో తిరగాలి. అక్కడ వెంటాడే జీవిని మొదటి నుంచి చివరి దాకా చంపలేం. మధ్యలో మంటలు చిమ్మే ఆయుధం ఒకటి దొరుకుతుంది గానీ దాంతో ఆ జీవిని కాసేపు తరిమేయగలం, అంతే.

మామూలుగా గేమ్ అంటే బలం ఇచ్చేది. నిజజీవితంలో చేయలేని పనులన్నీ అక్కడ చేసేస్తాం. సర్వైవల్ హారర్ గేమ్‌లు, అంటే భయం మధ్య బతికి బయటపడటమే పనిగా ఉండేవి, మాత్రం ఉన్న బలం కూడా లాగేసుకుంటాయి. పరిగెత్తితే ఆయాసం, కాల్చబోతే గురి తప్పడం, సంచిలో చోటు చాలకపోవడం. డబ్బు పెట్టి కొనుక్కుని మరీ ఇంత నిస్సహాయంగా ఎందుకు కూర్చుంటాం? 'ఆయుధం ఉండదు కాబట్టి భయమేస్తుంది, భయంలో ఓ కిక్కు ఉంటుంది' అని చాలామంది జవాబు చెబుతారు. ఇది సగమే నిజం. ముక్కలు పేర్చే పజిల్ గేమ్‌లో కూడా ఆయుధం ఉండదు, దాన్ని చూసి ఎవరూ వణకరు. ఆయుధం తీసేస్తే చాలు భయం దానంతటదే వచ్చేస్తుందనుకుని చేసిన గేమ్‌లు ఎన్నో చప్పగా తేలిపోయాయి. బలహీనతను కూడా ఒక యంత్రంలా జాగ్రత్తగా బిగించాలి. ఆ బిగింపు ఎలా ఉంటుందో చూద్దాం.

ఉలికిపాటు వేరు, గుబులు వేరు

భయానికి తెలుగులో ఉన్న మాటలు ఈ విషయంలో బాగా పనికొస్తాయి. వెనకనుంచి ఎవరో ఒక్కసారిగా అరిస్తే కలిగేది ఉలికిపాటు. ఎదురుగా నిలబడ్డదాన్ని చూసి కాళ్లూ చేతులూ ఆడకపోతే అది హడలు. ఇంకా ఏమీ జరగలేదు, ఏదో జరగబోతోందని మాత్రం కడుపులో తెలుస్తూ ఉంటుంది చూడండి, అది గుబులు.

ఉలికిపాటు పుట్టించడం తేలిక. నిశ్శబ్దం, ఆ వెంటనే పెద్ద శబ్దం ఉంటే చాలు. దానికి కథ అక్కర్లేదు, పాత్ర అక్కర్లేదు. హడలు కూడా మొదటి రెండు మూడు సార్లే. రాక్షసుడిని ఎంత భయంకరంగా తయారు చేసినా, అరగంట చూశాక కళ్లు అలవాటు పడిపోతాయి. గంటల తరబడి నిలిచేది గుబులు ఒక్కటే. సర్వైవల్ హారర్ గేమ్ నిలబడేది దాని మీదే.

గుబులు సినిమా కూడా పుట్టిస్తుంది. కానీ సినిమాలో పాత్ర తలుపు వైపు నడుస్తుంటే 'వద్దు, తీయకు' అని మనసులో అనుకుంటాం, ఆ పాత్ర ఎలాగూ తీసేస్తుంది. గేమ్‌లో నేను కదలకపోతే కథ కదలదు. తలుపు తీయాల్సింది నేనే. అరగంట తలుపు ముందే నిలబడినా గేమ్ ఏమీ అనదు, తీయమని బలవంతం చేయదు. సినిమా భయంలో లేని బరువు ఇక్కడ ఒకటి వచ్చి చేరుతుంది. లోపల ఏం జరిగినా అది నేను చేసుకున్నదే అవుతుంది.

కాబట్టి ఈ గేమ్‌లలో బలహీనత అంటే ఏమీ చేయలేకపోవడమని అర్థం చేసుకోకూడదు. నిజంగా ఏమీ చేయలేని చోట గుబులు ఉండదు, చూస్తూ కూర్చోవడమే ఉంటుంది. ఇక్కడ చేయగలిగిన పనులు చాలానే ఉంటాయి, కాకపోతే ఒక్కోటీ కొంచెం కొరతపడుతుంది. సగం చూపు, సగం సమాచారం, సగం బలం. ఆ మిగతా సగాన్ని మన ఊహ నింపుకుంటుంది.

ఆరు అరల సంచి

1992లో ఫ్రాన్స్‌కు చెందిన ఇన్ఫోగ్రామ్స్ సంస్థ నుంచి 'అలోన్ ఇన్ ది డార్క్' వచ్చింది. ఫ్రెడెరిక్ రేనాల్ దాని రూపకర్తల్లో ముఖ్యుడు. గీసిన చిత్రాల్లాంటి గదుల్లో త్రీడీ పాత్రలు తిరుగుతాయి. కెమెరా ఒక్కో గదిలో ఒక్కో మూల స్థిరంగా ఉంటుంది. 1996లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ ఈ పద్ధతినే తీసుకుని, షింజీ మికామి దర్శకత్వంలో 'రెసిడెంట్ ఈవిల్' తెచ్చింది. జపాన్‌లో దాని పేరు 'బయోహజార్డ్'. సర్వైవల్ హారర్ అన్న మాట జనంలోకి వెళ్లింది ఈ గేమ్‌తోనే.

ఆ స్థిర కెమెరా చేసే పని గమనించండి. పాత్ర ఒక నడవా మలుపులో నిలబడి ఉంటుంది. మలుపు అవతల ఎవరో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు వస్తోంది. నిజానికి పాత్ర కళ్లకు వాళ్లు కనిపిస్తూనే ఉండాలి. కనిపించనిది మనకే. పాత్ర శిక్షణ పొందిన అధికారే కావచ్చు, చేతిలో తుపాకీ ఉండవచ్చు, అయినా గేమ్ ఆడే మనిషి గుడ్డివాడయ్యాడు. పాత్ర బలహీనత, ప్లేయర్ బలహీనత రెండూ ఒకటి కావు. మంచి గేమ్‌లన్నీ ఎక్కువగా దెబ్బకొట్టేది ప్లేయర్‌నే.

ఇక సంచి సంగతి. ఈ గేమ్‌లో క్రిస్ అనే పాత్రకు ఆరు అరలు, జిల్ అనే పాత్రకు ఎనిమిది. తుపాకీ ఒక అర, తూటాలు ఒక అర, గాయం మాన్పే మూలిక ఒక అర, తాళంచెవి ఒక అర. సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దగ్గర సిరా రిబ్బన్ వాడాలి, ఆ రిబ్బన్‌కు మరో అర. రిబ్బన్లు లెక్కగానే దొరుకుతాయి. అంటే ఇప్పటిదాకా ఆడిన ఆటను కాపాడుకోవడానికి కూడా ఖర్చు పెట్టాల్సిందే. గంట క్రితం సేవ్ చేశారు, ప్రాణం సగం ఉంది, ఒక్క రిబ్బనే మిగిలింది. ఆ సమయంలో ఖాళీ నడవాలో నడవడం కూడా టెన్షనే. నిజంగా పోగొట్టుకునేది ఏదో ఉంటేనే భయం అంటుకుంటుంది, ఇక్కడ పోయేది మన గంట సమయం.

నడవాలో ఇద్దరు జాంబీలు, తుపాకీలో ఎనిమిది తూటాలు ఉన్నాయనుకుందాం. ఇద్దరినీ చంపితే తూటాలు అయిపోతాయి. పక్కనుంచి తప్పించుకుంటే కరిచే ప్రమాదం ఉంది, పైగా ఈ దారిన ఇంకో మూడుసార్లు తిరగాలి. ఒక్కడిని చంపి, రెండోవాడిని తప్పించుకుంటే? గుండె కొట్టుకుంటూ ఉండగానే తల ఈ లెక్క వేస్తూ ఉంటుంది. భయం పుట్టేది ఈ లెక్కలోనే అని నాకు గట్టి నమ్మకం. 2002లో వచ్చిన రీమేక్ దీన్ని ఇంకా బిగించింది. పడేసిన జాంబీని తగలబెట్టకుండా, తల పగలకొట్టకుండా వదిలేస్తే, కొంతకాలానికి అది ఎర్రబడి, రెట్టించిన వేగంతో లేచి వస్తుంది. తగలబెట్టడానికి కావాల్సిన కిరోసిన్ కూడా కొంచెమే. తూటా ఖర్చు పెట్టి సమస్య తీర్చేశామనుకుంటాం, తీరా చూస్తే అది అప్పుగా మిగిలి ఉంటుంది.

ఈ కొరతను అదే స్థాయిలో నిలిపి ఉంచడానికి గేమ్‌లు చాటుగా కష్టపడతాయి. 2005 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 4' మనం ఎలా ఆడుతున్నామో గమనిస్తూ, తరచూ చచ్చిపోతుంటే శత్రువులను తగ్గించి సాయం పెంచుతుంది, బాగా ఆడుతుంటే బిగిస్తుంది. మొదటిసారి ఆడేటప్పుడు ఈ సంగతి తెలియదు. చివరి తూటాతో బతికి బయటపడ్డామని పొంగిపోతాం. ఆ చివరి తూటా దాకా మనల్ని ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చారని తర్వాత తెలిసినా, ఆ క్షణం విలువ నా దృష్టిలో తగ్గలేదు.

తలుపుల గురించి ఒక్క మాట. మొదటి 'రెసిడెంట్ ఈవిల్'లో తలుపు దాటితే వెనకున్నది అక్కడే ఆగిపోతుందని ప్లేయర్ నేర్చుకుంటాడు. తలుపు తెరుచుకునే దృశ్యం నెమ్మదిగా నడుస్తుంది. ఆ వ్యవధిలో గేమ్ తర్వాతి గదిని లోడ్ చేసుకుంటుంది, మనం ఊపిరి తీసుకుంటాం. 1999లో వచ్చిన మూడో గేమ్‌లో నెమెసిస్ అనే జీవి ఆ తలుపు దాటి వెంట వచ్చేసింది. అన్నాళ్లూ భద్రమనుకున్న చోటును తొలగించడం ఎంత పెద్ద దెబ్బో అప్పుడు ఆడినవాళ్లకు తెలుసు.

ఏమీ రాని మనిషి

అదే 1999లో జపాన్ సంస్థ కొనామి 'సైలెంట్ హిల్' తెచ్చింది. ఇందులో హ్యారీ మేసన్ పోలీసూ కాదు, సైనికుడూ కాదు. రచయిత. తప్పిపోయిన కూతురు షెరిల్‌ని వెతుక్కుంటూ పొగమంచు కమ్మిన ఊళ్లో తిరుగుతుంటాడు. కొంతసేపు పరిగెడితే ఆగి రొప్పుతాడు. తుపాకీ పట్టుకోవడం కూడా అలవాటు లేనివాడిలాగే పడతాడు. గేమ్ మొదలైన కాసేపటికే సన్నటి సందులో బూడిదరంగు పిల్లల్లాంటి ఆకారాలు చుట్టుముట్టి పొడిచేస్తాయి. ఎంత ప్రయత్నించినా తప్పించుకోలేం. స్పృహ పోయి ఒక కేఫ్‌లో లేస్తాడు. ఓడిపోవడంతో మొదలయ్యే గేమ్ అది. 'నీకు ఇక్కడ బలం లేదు' అన్న మాట ఒక్క డైలాగ్ లేకుండా చెప్పేసింది.

ఆ పొగమంచు వెనక సాంకేతిక కారణం ఉంది. మొదటి ప్లేస్టేషన్‌కు దూరంగా ఉన్న వీధులన్నీ ఒకేసారి గీసే శక్తి లేదు. పొగమంచు, చీకటి ఆ లోటును కప్పేశాయి. యంత్రం అశక్తత హ్యారీ అశక్తతగా మారింది. దానికి తోడు అతని జేబులో ఒక రేడియో ఉంటుంది. దగ్గర్లో ఏదైనా ఉంటే గరగరమంటుంది. ఎటువైపు ఉందో మాత్రం చెప్పదు. హెచ్చరిక కాబట్టి అది మనకు సాయమే, కానీ వినిపించిన ప్రతిసారీ గుబులు రెట్టింపవుతుంది. సగం సమాచారం పూర్తి అజ్ఞానం కన్నా ఎక్కువ భయపెడుతుందని ఆ చిన్న రేడియో నిరూపించింది.

1995లోనే సూపర్ ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద వచ్చిన 'క్లాక్ టవర్' ఇంకో దారి పట్టింది. జెన్నిఫర్ అనే అమ్మాయిని పెద్ద కత్తెర పట్టుకున్నవాడు వెంటాడుతుంటాడు. కొట్టడం ఉండదు, పారిపోవడం, దాక్కోవడమే. ఆమె ఎంత బెదిరిపోయిందో తెర మూల ఉన్న ముఖచిత్రం రంగు మారుతూ చెబుతుంది. 2005లో వచ్చిన 'హాంటింగ్ గ్రౌండ్'లో ఫియోనా మరీ బెంబేలెత్తితే మన మాట వినడం మానేసి తనంతట తాను పరిగెడుతుంది. కంట్రోలర్ చేతిలోనే ఉంటుంది, పాత్ర మాత్రం చేయి దాటిపోతుంది.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది, దాచుకోను. ఆడపిల్ల కాబట్టి బలహీనురాలు, ఇక వేరే వివరణ అవసరం లేదు అన్నట్టు ఈ తరహా గేమ్‌లు చాలాకాలం నడిచాయి. 'హాంటింగ్ గ్రౌండ్'లో కెమెరా ఫియోనాను చూసే తీరు కూడా చాలాచోట్ల ఇబ్బంది పెడుతుంది. ఇది సోమరితనం. అమాండా రిప్లీని చూడండి. యంత్రాలు విప్పగలదు, తాళాలు తీయగలదు, తల నిబ్బరంగా పనిచేస్తుంది. ఆమెలో ఏ లోపమూ లేదు. ఎదురుగా ఉన్నది అంత పెద్దది కావడమే ఆమె బలహీనత. బలహీనతను మనిషిలో కాకుండా పరిస్థితిలో పెట్టినప్పుడు, ఆ స్థానంలో ఎవరైనా తమను తాము ఊహించుకోగలరు.

2001లో టెక్మో తెచ్చిన 'ఫేటల్ ఫ్రేమ్' గురించి కాస్త ఆగి చెప్పాలి. అన్నను వెతుక్కుంటూ పాడుబడ్డ భవంతిలోకి వెళ్లిన మికు అనే అమ్మాయి చేతిలో ఒక పాత కెమెరా ఉంటుంది. దెయ్యాలను ఎదుర్కోవాలంటే దాంతో ఫొటో తీయాలి. దూరం నుంచి తీస్తే దెబ్బ తక్కువ. అది మీదికి వచ్చే చివరి క్షణం దాకా ఆగి తీస్తేనే గట్టి దెబ్బ. భయపడ్డవాడు సహజంగా చేసే పనులు రెండు, కళ్లు మూసుకోవడం, దూరం జరగడం. ఈ గేమ్ ఆ రెంటినీ శిక్షిస్తుంది. కళ్లు తెరిచి, దగ్గరికి రానిచ్చి, చెయ్యి వణక్కుండా నొక్కాలి. పైగా కెమెరా కంటికి ఆనించినప్పుడు చుట్టుపక్కల ఏమీ కనిపించదు. ఆయుధం చేతిలో ఉంచి కూడా మనిషిని బలహీనంగా ఉంచడం ఇంత అందంగా చేసిన గేమ్ నాకు మరొకటి తెలియదు.

దీపం వెలిగిస్తే ఒక తంటా, ఆర్పితే ఒక తంటా

2010లో స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న స్టూడియో 'అమ్నీజియా: ది డార్క్ డిసెంట్' తెచ్చింది. కథ 1839లో, ప్రష్యాలోని ఒక కోటలో. డేనియల్ తన గతాన్ని తానే మరిచిపోయేలా మందు తాగి, తనకు తానే ఉత్తరం రాసి పెట్టుకుని ఉంటాడు. ఆయుధం ఒక్కటీ లేదు. గెలవడం కోసం ఆడొద్దు, ఆ లోకంలో లీనమవమని గేమ్ మొదట్లోనే చెబుతుంది.

దాని మెలిక చీకటిలో ఉంది. చీకట్లో నిలబడితే డేనియల్ మనసు కొంచెం కొంచెంగా చెదిరిపోతుంది, చూపు అలలు తిరుగుతుంది. వెలుతురులో ఉంటే భూతాల కంట పడతాడు. భూతాన్ని తేరిపార చూసినా మనసు చెదురుతుంది. అంటే దాక్కోవడానికి చీకటి కావాలి, బతకడానికి వెలుగు కావాలి. లాంతరు నూనె, అగ్గిపెట్టెలు లెక్కగానే దొరుకుతాయి. ఒక్కో దీపం వెలిగించేటప్పుడు ఎంత ఆలోచిస్తామంటే, మామూలు గేమ్‌లో అతిపెద్ద ఆయుధం వాడేటప్పుడు కూడా అంత ఆలోచించం. నేలమాళిగలో నీళ్లు నిండిన భాగం ఒకటుంది. అక్కడి జీవి అసలు కనిపించదు, నీళ్లలో చిందే అడుగులు మాత్రం కనిపిస్తాయి. పెట్టె మీంచి పెట్టె మీదికి దూకుతూ, ఏదో ఒకటి దూరంగా విసిరి దాన్ని మళ్లిస్తూ వెళ్లాలి. నేను ఆడిన గేమ్‌లన్నింటిలో అదే అతి గొప్ప భయం, అందులో భూతం బొమ్మే లేదు.

2013లో కెనడాలోని రెడ్ బ్యారెల్స్ నుంచి 'అవుట్‌లాస్ట్' వచ్చింది. విలేకరి మైల్స్ అప్షర్ చేతిలో వీడియో కెమెరా తప్ప ఏమీ ఉండదు. చీకట్లో చూడటానికి దాని నైట్ విజన్, ఆ నైట్ విజన్‌కు బ్యాటరీలు. అప్పటినుంచి ఆయుధం లేని హారర్ గేమ్‌లు వరదలా వచ్చాయి. వాటిలో చాలావాటితో సమస్య మొదలైంది. కనిపిస్తే పరుగు, మంచం కింద దూరు, అది వెళ్లేదాకా ఆగు, మళ్లీ బయటికి రా. ఈ నాలుగు పనులే వందసార్లు. అక్కడ నిర్ణయం తీసుకునేది ఏమీ లేదు. లెక్క వేయాల్సిన పని లేకపోతే గుబులు కాస్తా ఓపిక పరీక్షగా మారిపోతుంది.

చావు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వింతగా అనిపిస్తుంది గానీ, హారర్ గేమ్‌లో భయాన్ని చంపేది చావే. మొదటిసారి చనిపోయే దాకా 'పట్టుబడితే ఏమవుతుంది' అన్న ప్రశ్న భయపెడుతుంది. చనిపోగానే జవాబు తెలిసిపోతుంది. ఒక చిన్న దృశ్యం, తర్వాత మళ్లీ అదే గది. అదే చోట ఐదోసారి చనిపోయాక మిగిలేది చిరాకే. అందుకే గొప్ప హారర్ గేమ్‌ల కష్టమంతా ప్లేయర్‌ని చంపకుండా చావు అంచున నడిపించడంలో ఉంటుంది. 2017లో నింజా థియరీ తెచ్చిన 'హెల్‌బ్లేడ్' ఒక ఉపాయం పన్నింది. ఓడిన ప్రతిసారీ నాయిక సెనువా చేతి మీది నల్లటి కుళ్లు పైకి పాకుతుందని, తల దాకా చేరితే ఇప్పటిదాకా ఆడిందంతా పోతుందని హెచ్చరించింది. అలా ఏమీ తుడిచేయదని తర్వాత బయటపడింది. ఆ మాట నమ్మినంత సేపు ప్రతి పోరాటం ప్రాణం మీదికొచ్చినట్టే ఉండేది.

రెండు తలల వేటగాడు

మళ్లీ లాకర్ దగ్గరికి వద్దాం. ఈ చిక్కుముడిని 'ఏలియన్: ఐసొలేషన్' విప్పిన తీరు తెలుసుకోదగ్గది. వేటాడే జీవి వెనక రెండు మెదళ్లు పనిచేస్తుంటాయి. పైనున్న మెదడుకు మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. కిందిది ఆ జీవిది, దానికి తెలియదు. అది తన కళ్లతో చూసి, చెవులతో విని వెతకాల్సిందే. పై మెదడు దానికి 'ఆ చుట్టుపక్కల చూడు' అని మాత్రం సైగ చేస్తుంది, ఫలానా బల్ల కింద ఉందని చెప్పదు. అందువల్ల అది ఎప్పుడూ మనకు దగ్గర్లోనే తిరుగుతుంది, కానీ మోసం చేసి పట్టుకున్నట్టు అనిపించదు. దాగుడుమూతల్లో దొంగకు ఎవరో పక్కనుంచి ఊరికే దిక్కు చూపించినట్టు.

పై మెదడు ఇంకో లెక్క కూడా రాసుకుంటుంది. ఆ జీవి ఎంతసేపటి నుంచి మనల్ని బెదరగొడుతోంది? అది హద్దు దాటితే జీవిని గొట్టాల్లోకి వెనక్కి పిలిచేస్తుంది. మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ విరామం లేకపోతే నరాలు మొద్దుబారిపోతాయి. మనం తెలివిగా తప్పించుకున్నామనుకున్న సందర్భాల్లో కొన్ని నిజానికి ఆ విరామాలే. మరో సంగతి, దాని ప్రవర్తనల్లో కొన్ని మొదట్లో తాళం వేసి ఉంటాయి, ఆట ముందుకు సాగే కొద్దీ ఒక్కోటీ తెరుచుకుంటాయి. అందువల్ల అది మన ఎత్తులు నేర్చుకుంటున్నట్టు అనిపిస్తుంది. నిన్న పనిచేసిన ఉపాయం ఇవాళ పనిచేయకపోవచ్చన్న అనుమానం ప్లేయర్ తలలోంచి పోదు.

చేతిలో కదలికలు పసిగట్టే పరికరం ఉంటుంది. సైలెంట్ హిల్ రేడియోకు చెల్లెలు లాంటిది. దాని తెర మీద చుక్క కనిపిస్తుంది, ఆ చుక్క నేల మీద ఉందో పైన గొట్టంలో ఉందో తెలియదు. పరికరం వైపు చూస్తే ఎదురుగా ఉన్న గది మసకబారుతుంది. సేవ్ చేయాలంటే గోడకున్న యంత్రంలో కార్డు పెట్టి, మూడు లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేదాకా నిలబడాలి. ఆ కొద్ది సెకన్లలో కూడా వెనకనుంచి చంపేయొచ్చు. గేమ్ మరీ పొడుగని, పదేపదే చనిపోవాల్సి వస్తోందని అప్పట్లో కొందరు విమర్శకులు తక్కువ మార్కులు వేశారు. పొడుగు విషయంలో నేను కూడా ఒప్పుకుంటాను.

2023లో ఫ్రిక్షనల్ గేమ్స్ 'అమ్నీజియా: ది బంకర్'తో తిరిగొచ్చి ఒక పని చేసింది. ఆయుధాల్లేని హారర్‌కు పెద్ద దిక్కుగా పేరు తెచ్చుకున్న స్టూడియో ప్లేయర్ చేతికి తుపాకీ ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, నేల కింది బంకర్‌లో చిక్కుకున్న ఫ్రెంచి సైనికుడి కథ. రివాల్వర్‌కు తూటాలు అరుదుగా దొరుకుతాయి. ఒక్క తూటాతో గోడల్లో తిరిగే జీవిని కాసేపు తరమొచ్చు, లేదా ఒక తాళం పగలకొట్టొచ్చు. ఏది చేసినా ఆ చప్పుడు దాన్ని పిలుస్తుంది. టార్చ్‌కు బ్యాటరీ లేదు, తాడు లాగితే వెలుగుతుంది, లాగిన ప్రతిసారీ చప్పుడే. బంకర్ దీపాలు వెలగాలంటే జనరేటర్‌లో ఇంధనం పోయాలి. ఇంధనం ఎంతసేపు వస్తుందో జేబు గడియారంలో చూసుకుంటూ బయటికి వెళ్లాలి. తుపాకీ ఇవ్వడంతో భయం తగ్గుతుందని అనుకున్నవాళ్లకు అది పెరిగి కనిపించింది. వాడొచ్చా, వాడకూడదా అన్న ప్రశ్న చేతికిచ్చారు కాబట్టి.

ఇందులో సంతోషం ఎక్కడిది?

డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రశ్న మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 110 మందిని భయపెట్టడానికే తయారు చేసిన ఒక భవనంలోకి పంపి, గుండె వేగం కొలిచారు, ఎంత ఆనందించారో అడిగారు. భయం మరీ తక్కువైతే ఆనందం తక్కువ. మరీ ఎక్కువైనా తక్కువే. మధ్యలో ఒకచోట ఆనందం శిఖరానికి చేరింది. కాగితం మీద గీస్తే కొండ ఆకారం వస్తుంది. గేమ్ రూపకర్తలు తూటాలు లెక్కపెట్టి పంచడం, వేటగాడిని వెనక్కి పిలవడం, టైప్‌రైటర్ ఉండే సేవ్ గదిలో మెత్తటి సంగీతం పెట్టడం, ఇవన్నీ మనల్ని ఆ కొండ కొన దగ్గర నిలబెట్టే ప్రయత్నాలే.

కరోనా తొలి నెలల్లో హారర్ ఇష్టపడేవాళ్లు మానసికంగా కాస్త తక్కువ కుంగిపోయారని 2021లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. దాన్ని పట్టుకుని హారర్ గేమ్‌లు ధైర్యం నేర్పుతాయనడం తొందరపాటు. ధైర్యం ఉన్నవాళ్లే హారర్ వైపు వెళ్తుండొచ్చు కూడా. నా అనుభవంలో మాత్రం ఇవి ఒకటి నేర్పాయి. చెయ్యి వణుకుతున్నప్పుడు కూడా లెక్క వేయొచ్చని. లాకర్‌లో ఉన్న ఆ రెండు నిమిషాల్లో నేను భయపడుతూనే గది పటం గుర్తు తెచ్చుకున్నాను, తలుపు ఎన్ని అడుగుల దూరమో అంచనా వేశాను.

ఆ కొండ అందరికీ ఒకే ఎత్తులో ఉండదు. మొదటి గంటలోనే ఆపేసిన వాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకు పిరికితనం అంటగట్టడం అన్యాయం, ఆ గేమ్ వాళ్ల కొండ కొనను దాటించేసింది, అంతే. ఫ్రిక్షనల్ గేమ్స్ వారిదే 2015 నాటి 'సోమా'కు రెండేళ్ల తర్వాత సేఫ్ మోడ్ చేర్చారు. అందులో భూతాలు ఉంటాయి గానీ చంపవు. వేట గుబులు పోతుంది, కథలోని దిగులు చెక్కుచెదరదు, ఆ కథ అంత బరువైనది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 2019లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 2' రీమేక్ మంచిదని చెబుతాను. అందులో అసిస్టెడ్ అనే తేలిక స్థాయి ఉంది, గురి పెట్టడంలో సాయం చేస్తుంది, ప్రాణం కొంత దానంతటదే నిండుతుంది. మొదటిసారి పగటిపూట, స్పీకర్లు పెట్టుకుని, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఆడండి. సగంలో మిస్టర్ ఎక్స్ అనే నిలువెత్తు మనిషి వస్తాడు, చావడు, గోడల అవతలి నుంచి అతని బూట్ల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆ చప్పుడు పై అంతస్తులోదా, పక్క గదిలోదా అని చెవులు రిక్కించి విన్నారంటే, హెడ్‌ఫోన్స్ తీసుకుని 'ఏలియన్: ఐసొలేషన్' మొదలుపెట్టొచ్చు.